ఇంటిల్లిపాదీ చూడదగ్గ కార్ రేసు సినిమా ఏది? ఏది పిల్లలు పడుకున్నాక?

పోస్టర్ చూస్తే రేసు సినిమాలన్నీ ఒక్కలాగే ఉంటాయి. హెల్మెట్ పట్టుకున్న హీరో, వెనక ఎర్ర కారు, చుట్టూ పొగ. దాన్ని నమ్మి ఆదివారం భోజనాలయ్యాక పిల్లల్నీ నానమ్మనీ హాల్లో కూర్చోబెట్టి 'రష్' పెట్టారంటే, సినిమా మొదలైన కాసేపటికే రిమోట్ కోసం తడుముకోవాల్సి వస్తుంది. అదే 'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ' పెడితే రెండున్నర గంటలూ ఎవరూ లేవరు. చివర్లో మాత్రం పిల్లల కళ్లలో నీళ్లు తిరుగుతాయి. రెండూ నిజంగా జరిగిన కథలే, రెండూ శ్రద్ధగా తీసినవే.

తొందరలో ఉన్నవాళ్ల కోసం ముందే చెప్పేస్తాం. పదేళ్లు దాటిన పిల్లలున్న ఇంటికి 'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ'. పదమూడు దాటి, వీడియో గేమ్ అంటే ప్రాణం పెట్టేవాళ్లకు 'గ్రాన్ టురిస్మో', ఆ తర్వాత 'ఎఫ్1'. ఆరేడేళ్ల వాళ్లకు 'కార్స్' మొదటి భాగం, మూడో భాగం. 'రష్', మైకేల్ మాన్ తీసిన 'ఫెరారీ' పెద్దవాళ్లు మాత్రమే ఉన్నప్పుడు. ఇలా ఎందుకంటున్నామో తెలిస్తే, ఇక్కడ పేరు లేని సినిమాను కూడా మీరే తూచుకోవచ్చు.

సర్టిఫికెట్ ఎంతవరకు చెబుతుంది

మన దేశంలో థియేటర్ సినిమాలకు 2024 నిబంధనలతో యూ/ఏ మూడు ముక్కలైంది: 7+, 13+, 16+. ఇవి తల్లిదండ్రులకు ఇచ్చే సూచనలే. యూ/ఏ 16+ సినిమాకి పన్నెండేళ్ల పిల్లాణ్ణి తీసుకెళ్తే గేటు దగ్గర ఆపరు, నిర్ణయం మీదే. 'ఏ' ఒక్కటే గట్టి నిషేధం, పద్దెనిమిది నిండనివాళ్లను లోపలికి రానివ్వకూడదు. అంతకుముందు వచ్చిన సినిమాల మీద ఉత్త యూ/ఏ అని మాత్రమే ఉంటుంది. పన్నెండేళ్ల లోపు వాళ్లు పెద్దల తోడుతో చూడాలని దాని అర్థం. అది దేనివల్ల వచ్చిందో, బూతుల వల్లా, ప్రమాదాల వల్లా అన్నది ఆ రెండక్షరాల్లో తెలియదు. ఓటీటీలో 2021 నుంచి ఇవే వయసు గీతలు ఉన్నాయి గానీ అక్కడ రేటింగ్ ఇచ్చుకునేది ఆ సంస్థే. థియేటర్లో కత్తిరించిన సీను ఓటీటీలో ఉండొచ్చు. థియేటర్లో ఇబ్బంది లేకుండా చూశాం కదా అని ఇంట్లో ధీమాగా పెట్టేయకండి.

విదేశీ సినిమాకైతే అమెరికా రేటింగ్ పక్కన ఉండే చిన్న వాక్యం చదవండి, అసలు సమాచారం అందులో ఉంటుంది. 'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ', 'గ్రాన్ టురిస్మో', 'ఎఫ్1' మూడూ పీజీ-13 సినిమాలే, అంటే పదమూడేళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్తపడాలని. మొదటిదానికి కొంత దురుసు భాష, ప్రాణాపాయం అని కారణం చూపారు. రెండోదానికి తీవ్రమైన యాక్షన్, కొంత ఘాటైన భాష. మూడోదానికి ఘాటైన భాష, యాక్షన్. 'రష్'ది ఆర్ రేటింగ్, పదిహేడేళ్ల లోపు వాళ్లు పెద్దల తోడు లేకుండా చూడకూడదన్నమాట. శృంగారం, నగ్నత్వం, భాష, కలవరపెట్టే దృశ్యాలు, కొద్దిగా మాదకద్రవ్యాలు, ఇన్ని కారణాలు దానికి. మూడు పీజీ-13 సినిమాల వాక్యాల్లోనూ శృంగారం అన్న మాటే లేదు. తాతయ్య, నానమ్మ పక్కన కూర్చుని చూసే ఇంట్లో అన్నిటికంటే ముందు వెతకాల్సిన మాట అది.

రేసు సినిమాలో ఇంకో చిక్కుంది. ప్రమాదం లేకుండా కథ నడవదు. ప్రమాదం ఉందా అని అడగడం దండగ, ఉంటుంది. కారు దొర్లడం చూపించి వదిలేశారా, లోపలున్న మనిషి శరీరం చూపించారా? కాలిన మనిషి ఆసుపత్రి మంచం దాకా కెమెరా వెళ్లిందా? చనిపోయినవాళ్లలో పిల్లలున్నారా? పిల్లల నిద్ర చెడగొట్టేవి ఇవి. వేగం వాళ్లను భయపెట్టదు.

ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ (2019, 152 నిమిషాలు)

యూరప్‌లో కొన్నిచోట్ల దీన్ని 'లే మాన్స్ 66' పేరుతో విడుదల చేశారు, వెతికేటప్పుడు గుర్తుంచుకోండి. ఫ్రాన్స్‌లోని లే మాన్స్‌లో ఏటా జరిగే 24 గంటల రేసులో ఫెరారీని ఓడించాలని ఫోర్డ్ కంపెనీ పట్టుబట్టిన కథ. కారు తయారుచేయించే కారల్ షెల్బీగా మ్యాట్ డేమన్, తోలే కెన్ మైల్స్‌గా క్రిస్టియన్ బేల్.

కుటుంబానికి దీన్ని మొదట ఎందుకు చెబుతున్నామంటే, ఇందులో ఒక ఇల్లు ఉంది. మైల్స్ భార్య మాలీ, కొడుకు పీటర్ కథలో మూలన పడి ఉండరు. గ్యారేజీ అప్పులు, కొడుకుతో రన్‌వే మీద కూర్చుని చెప్పుకునే కబుర్లు, భర్త ఏదో దాస్తున్నాడని తెలిసి భార్య నిలదీయడం, ఇవన్నీ రేసుతో సమానంగా నడుస్తాయి. రేసులంటే గిట్టనివాళ్లను కూడా కూర్చోబెట్టేది ఇదే. ఇబ్బందిపెట్టే పడకగది సీన్లు లేవు.

ఇబ్బంది ఉన్నచోట్లు కొన్ని. మొదట్లోనే 1959 రేసులో పిట్‌లో (కారు ఆపి ఇంధనం నింపే చోట) షెల్బీ బట్టలకు మంట అంటుకుంటుంది. నిమిషంలో ఆరిపోతుంది. మధ్యలో బ్రేకులు పనిచేయక మైల్స్ కారు అదుపుతప్పి మంటల్లో చిక్కుకుంటుంది, పీటర్ అక్కడే ఉంటాడు. మైల్స్ బయటపడతాడు. మూడోది చివర్లో. 1966 జూన్‌లో లే మాన్స్ అయిన రెండు నెలలకే, ఆగస్టు 17న, కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో కొత్త కారు పరీక్షిస్తూ నిజంగానే కెన్ మైల్స్ చనిపోయాడు. సినిమాలో దాన్ని దూరం నుంచి చూపించారు. పొగ, మంట తప్ప శరీరం కనపడదు. అయినా కొట్టేది గట్టిగానే కొడుతుంది, ఎందుకంటే కొడుకు అక్కడున్నాడు. నాన్నంటే ప్రాణం పెట్టే ఎనిమిదేళ్ల పాపకి ఇది బరువు. పదేళ్ల గీత గీసింది ఈ ఒక్క సీను కోసమే.

రేసు ముగిసిన తీరు మీద కూడా పిల్లలు అడుగుతారు. మూడు ఫోర్డ్ కార్లు కలిసి గీత దాటాలని కంపెనీ చెప్పడంతో ముందున్న మైల్స్ వేగం తగ్గించాడు. రేసు మొదలైనప్పుడు పక్క కారు కొన్ని మీటర్లు వెనక నిలబడింది కాబట్టి 24 గంటల్లో అదే ఎక్కువ దూరం వెళ్లినట్టు లెక్క తేలింది, గెలుపు అటు పోయింది. పిల్లలకు కోపం వస్తుంది. రానివ్వండి. సినిమా అయ్యాక అరగంట మాట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి విషయం దొరకదు.

బూతులు తరచుగానే వస్తాయి, ఎక్కువగా గ్యారేజీ కోపం. ఇంగ్లిష్ ఆడియోతో పెడితే అవన్నీ వినపడతాయి.

రష్ (2013, 123 నిమిషాలు)

సినిమాగా చూస్తే ఇది 'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ' కంటే లోతైనదని మా అభిప్రాయం. 1976 ఫార్ములా వన్ సీజన్, జేమ్స్ హంట్‌కీ నికీ లౌడాకీ మధ్య పోటీ. ఆగస్టు 1న జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్‌లో లౌడా కారు తగలబడింది. ఆసుపత్రిలో పాదిరిని కూడా పిలిచారు. నలభై రెండు రోజులకు ఆయన ఇటలీలోని మోంజాలో మళ్లీ కారెక్కి నాలుగో స్థానంలో వచ్చాడు. చివరి రేసు జపాన్‌లో, కుండపోత వాన. ఇందులో ప్రాణం పెట్టలేనని రెండు ల్యాపుల (ట్రాక్ చుట్ల) తర్వాత లౌడా కారు దిగిపోయాడు. ఒక్క పాయింటు తేడాతో ఛాంపియన్‌షిప్ పోయింది. భయపడ్డానని ఒప్పుకుని తప్పుకోవడం కూడా ధైర్యమేనని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఈ ఆటలో లేదు.

మరి పిల్లలతో ఎందుకొద్దు? దాటవేయడం కుదరదు కాబట్టి. హంట్ విలాసాలను చూపించే నగ్న దృశ్యాలు మొదటి సగంలో అక్కడొకటి ఇక్కడొకటి పరుచుకుని ఉన్నాయి. ఒకటి దాటించేలోపు ఇంకొకటి. రెండో సగంలో ఆసుపత్రి సీన్లు: ఊపిరితిత్తుల్లోంచి గొట్టంతో మలినం తీయడం, కాలిన తల మీద కట్లతోనే హెల్మెట్ ఎక్కించుకోవడం. వీటిని దాటిస్తే కథే ఉండదు, ఎందుకంటే ఆయన తిరిగి రావడం విలువ ఆ నొప్పిలోనే ఉంది. 1973లో వాట్‌కిన్స్ గ్లెన్‌లో జరిగిన ప్రాణాంతక ప్రమాదాన్ని కూడా కాసేపు దగ్గరగా చూపించారు.

మనం సాధారణంగా అనుకునేదేమిటంటే, ఒకటి రెండు సీన్లు ముందుకు జరిపేస్తే ఏ సినిమా అయినా ఇంట్లో చూడొచ్చని. కష్టమైన సీన్లు మొదట్లోనో చివర్లోనో ఉన్న సినిమాకి అది పనికొస్తుంది. కథంతా వాటి మీదే నిలబడ్డ సినిమాకి పనికిరాదు. కాలేజీకి వెళ్లే కొడుకో కూతురో ఉంటే వాళ్ల పాటికి వాళ్లను చూడనివ్వండి, తర్వాత జపాన్ రేసు గురించి మాట్లాడండి.

గ్రాన్ టురిస్మోనా, ఎఫ్1నా

తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లలున్న ఇంట్లో అసలు పోటీ ఈ రెండింటి మధ్యే.

'గ్రాన్ టురిస్మో' (2023) వీడియో గేమ్ ఆడుతూ నిజమైన రేసర్ అయిన జాన్ మార్డెన్‌బరో కథ. రెండుంపావు గంటలు. గేములెందుకురా అని తిట్టే తండ్రి ఉన్నాడు, ఇది మన ఇళ్లలో ఇట్టే అతుకుతుంది. ముద్దుల వరకే శృంగారం. నూర్బర్గ్‌రింగ్‌లో కారు గాల్లోకి లేచి కంచె దాటి పడుతుంది, ఒక ప్రేక్షకుడు చనిపోతాడు. రక్తం చూపించరు గానీ కుర్రాడు ఆ అపరాధభావంతో కుంగిపోవడం చూపిస్తారు. పెద్దవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ ప్రమాదం నిజానికి జరిగింది 2015లో. లే మాన్స్‌లో తన విభాగంలో మూడో స్థానం వచ్చింది 2013లో. సినిమాలో ప్రమాదం ముందు, గెలుపు తర్వాత. ఒకరి చావును హీరో పుంజుకోవడానికి మెట్టుగా వాడుకోవడం సరికాదని చాలామంది అన్నారు, మాకూ అలాగే అనిపిస్తుంది. పిల్లలకు ఈ క్రమం చెప్పండి. నిజ జీవిత కథ అన్న సినిమా ఎక్కడ మారుస్తుందో వాళ్లకు తెలుస్తుంది.

'ఎఫ్1' (2025) కల్పిత కథ. బ్రాడ్ పిట్ ఆడిన సన్నీ హేస్ పాత్ర, కుర్ర డ్రైవర్ జోషువా పియర్స్‌తో ఒకే జట్టులో పడటం. నిజమైన గ్రాండ్ ప్రీ (ఫార్ములా వన్ రేసు) జరుగుతున్న రోజుల్లో అవే సర్క్యూట్లలో తీశారు, కాబట్టి ట్రాక్ మీద దృశ్యాలు ఇప్పటివరకు ఎవరూ చూపించనంత దగ్గరగా ఉంటాయి. నిడివి రెండున్నర గంటలు దాటుతుంది. బూతులు 'గ్రాన్ టురిస్మో' కంటే ఎక్కువ. జట్టు ఇంజినీరుతో సన్నీ ప్రేమ వ్యవహారం ఉంది, పడకగదిని సూచనగా చూపించి వదిలేస్తారు. మోంజాలో ఒక కారు తగలబడే సీను ఉంది, చేతులు కాలతాయి గానీ మనిషి బతుకుతాడు.

దీని మీద మా అభ్యంతరం వేరే. హీరో కావాలనే ఢీకొట్టి, ముక్కలు ట్రాక్ మీద పడేలా చేసి, అందరి వేగం తగ్గించడానికి ముందు నడిచే సేఫ్టీ కారు వచ్చేలా ఎత్తు వేస్తాడు. సినిమా దాన్ని తెలివిగా చూపిస్తుంది. నిజం ఫార్ములా వన్‌లో 2008 సింగపూర్ రేసులో ఒక జట్టు తన డ్రైవర్‌తో కావాలనే గోడకు గుద్దించింది. మరుసటి ఏడాది అది బయటపడి జట్టు పెద్దలు పదవులు వదులుకోవాల్సి వచ్చింది, ఆ ఆటలో అతి పెద్ద మచ్చల్లో అది ఒకటి. ఈ ముక్క ముందే చెప్పి సినిమా పెట్టండి.

రెండింట్లో ఒకటే అంటే, పదమూడు పద్నాలుగేళ్ల వాళ్లకు 'గ్రాన్ టురిస్మో'. పదహారు దాటితే 'ఎఫ్1', అదీ వీలైతే పెద్ద తెర మీద.

మైకేల్ మాన్ 'ఫెరారీ'

పేరు చూసి 'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ'కి జోడీ అనుకుని పెట్టేసేవాళ్లున్నారు. దానికీ దీనికీ సంబంధం లేదు. 2023లో వచ్చిన ఇది ఆర్ రేటింగ్ సినిమా. రెండు సంసారాల మధ్య నలిగే, ఫెరారీ కంపెనీ స్థాపించిన ఎంజో ఫెరారీ కథ. పడకగది ఉంది, భార్య తుపాకీ పేల్చడం ఉంది. 1957 మే 12న ఇటలీలోని గ్విదిజోలో ఊరి దగ్గర రోడ్డు పక్కన నిలబడి చూస్తున్న జనం మీదికి రేసు కారు దూసుకెళ్లింది. తొమ్మిదిమంది ప్రేక్షకులు పోయారు, వాళ్లలో ఐదుగురు పిల్లలు. సినిమా ఆ శవాలను దాచకుండా చూపిస్తుంది. పిల్లలకు వద్దు, అంతే.

చిన్నపిల్లలకు, తాతయ్యలకు

'కార్స్' మొదటిది (2006), మూడోది (2017) ఆరేళ్ల నుంచి హాయిగా చూడొచ్చు. మూడోదాంట్లో హీరో కారు మెక్వీన్ పల్టీలు కొట్టే సీను నెమ్మదిగా సాగుతుంది, చిన్నవాళ్లు ఉలిక్కిపడతారు. ముందే "దెబ్బ తగులుతుంది, మళ్లీ లేస్తాడు" అని చెబితే చాలు. రెండోది మాత్రం గూఢచారి కథ, తుపాకులు, కార్లను హింసించి పేల్చేయడం ఉన్నాయి. బొమ్మల సినిమానే కదా అని మూడూ వరసగా పెట్టేయొద్దు.

యంత్రాలంటే ఇష్టమున్న తాతయ్య ఉంటే 1971 నాటి 'లే మాన్స్' ఉంది. అమెరికాలో అన్ని వయసుల వాళ్లకూ సరిపడే జీ రేటింగ్ దానిది. అయినా పిల్లలు పావుగంటకే లేచిపోతారు, ఎందుకంటే మొదట చాలాసేపు మాటలే ఉండవు. వయసుకు తగినది, ఇంటికి నచ్చేది ఒకటి కాదని దీన్ని చూస్తే అర్థమవుతుంది.

పెట్టే ముందు చేయాల్సిన పనులు

ముందు రోజు రాత్రి మీరొక్కరే మొదటి ఇరవై నిమిషాలు చూడండి. రేసు సినిమాల్లో పాత్రల అలవాట్లు అక్కడే బయటపడతాయి. మిగతాదానికి తల్లిదండ్రుల కోసం రాసిన సీన్లవారీ వివరాలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. వాటిలో కథ కూడా బయటపెట్టేస్తారు కాబట్టి పిల్లల చేతికివ్వకండి.

ఆడియోలో తెలుగు ఉందో లేదో ప్లే చేసి సెట్టింగ్స్‌లో చూడండి. డబ్బింగ్‌లో బూతులు చాలావరకు మెత్తబడతాయి, అది లాభం. సబ్‌టైటిల్స్‌లో మాత్రం ఒక్కోసారి ఉన్నదున్నట్టు వస్తాయి. నానమ్మ చెవికి మెత్తగా వినపడింది, మనవడి కంటికి పూర్తిగా కనపడుతుంది. తెలుగు ఆడియో పెట్టినప్పుడు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఆపేయండి.

శబ్దం సంగతి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ (విద్యుత్ కార్ల) రేసు చూసిన హైదరాబాద్ పిల్లలకు రేసు కారంటే సన్నటి ఈల. 1966 ఫోర్డ్‌లో ఉన్నది ఏడు లీటర్ల ఇంజన్. ఈ సినిమాల్లో మాటలు మెల్లగా, ఇంజన్లు హోరుగా ఉంటాయి. మాటలు వినపడటంలేదని సౌండు పెంచుతారు, మరుక్షణం ఇల్లు అదిరిపోతుంది. టీవీలోనో సౌండ్‌బార్‌లోనో నైట్ మోడ్ ఉంటే అది వేస్తే హెచ్చుతగ్గులు తగ్గుతాయి. థియేటర్లో అయితే ముందు వరసలు వద్దు, కారులోంచి తీసిన దృశ్యాలకు కొందరికి తల తిరుగుతుంది.

రెండున్నర గంటల సినిమాకు విరామం మీరే పెట్టుకోవాలి. 'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ'లో కంపెనీ అధిపతి రెండో హెన్రీ ఫోర్డ్‌ను షెల్బీ కారెక్కించి తిప్పితే ఆయన నవ్వూ ఏడుపూ కలిసిపోయే సీనుంది. పిల్లలు పడీపడీ నవ్వుతారు. అక్కడ ఆపి టీ పెట్టుకోండి. తర్వాత రేసులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి, మధ్యలో ఆపితే ఊపు పోతుంది.

ఓటీటీలో యూ/ఏ 13+, ఆ పైవాటికి పిన్ పెట్టుకునే సదుపాయం ఉండాలని నిబంధన ఉంది. పిన్ పెట్టకపోతే 'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ' అయిన వెంటనే ఇలాంటివే మరికొన్ని అంటూ 'రష్' బొమ్మ ముందుకొస్తుంది.

సినిమా అయ్యాక

కొత్తగా బండి నడుపుతున్న కుర్రాడు ఇంట్లో ఉంటే, వేగం మాట ఆ రోజే ఎత్తాలి. 'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ'లో మాలీ కోపంతో ఊరి రోడ్డు మీద కారును ఇష్టమొచ్చినట్టు తోలే సీను సరదాగా తీశారు. ట్రాక్ మీద అగ్గికి ఆగే సూటు, హెల్మెట్, ఆరు చోట్ల బిగించే బెల్టులు, ట్రాక్ పక్కన అంబులెన్సు, ఎదురుగా బండి రాదన్న భరోసా ఉంటాయి. మన రింగు రోడ్డు మీద ఇవన్నీ ఉండవు. ఉపన్యాసం అక్కర్లేదు, ఈ లెక్క చెబితే చాలు.

చిన్నవాళ్లు అడిగేది వేరు. "ఇప్పుడు కూడా ఇలాగే కాలిపోతారా?" అని అడుగుతారు. అబద్ధం చెప్పొద్దు, నిజంలోనే ధైర్యముంది. 2018 నుంచి ఫార్ములా వన్ కారులో డ్రైవర్ తల చుట్టూ హేలో అనే గట్టి టైటానియం చట్రం ఉంటోంది. 2020 నవంబరులో బహ్రెయిన్‌లో రొమాన్ గ్రోజాన్ కారు ఇనుప కంచెను చీల్చుకుని రెండు ముక్కలై తగలబడింది. దాదాపు అర నిమిషం మంటల్లో ఉండి, తనంతట తానే బయటికి వచ్చాడు. చేతులకు కాలిన గాయాలయ్యాయి, బతికాడు. ఆ వీడియోలో చివర ఆయన కంచె దాటి దూకే భాగం మాత్రం చూపించండి.